ఊపిరి గొట్టం – ఇంటి తెలుగు: ట్రాకియాస్టమీ సంరక్షణ ఆన్‌లైన్ పాఠాల భాషపై విమర్శనాత్మక పరిశీలన (ధర్మవరం నేపథ్యంగా)

వ్యాససంగ్రహం

ట్రాకియాస్టమీ జరిగిన రోగి ఇల్లు చేరిన తరువాత అతని ఊపిరిని కాపాడే బాధ్యత కుటుంబసభ్యుల చేతికి వస్తుంది. ఈ పనిని వైద్యసిబ్బందికీ కుటుంబాలకూ నేర్పే ఆన్‌లైన్ పాఠాలలో పేరుపొందినవి ఆంగ్లంలో ఉన్నాయి. వాటిని తెలుగులోకి తేవాలనగానే దృష్టి పారిభాషిక పదాల మీదికి పోతుంది. ప్రాణం మాత్రం చాలాచోట్ల క్రియాపదం మీద, వాక్యనిర్మాణం మీద, సంబోధన మీద ఆధారపడి ఉంటుంది. ధర్మవరం చేనేత కుటుంబాల జీవనస్థితిని నేపథ్యంగా తీసుకొని, ఇటువంటి పాఠాలకు ఎలాంటి తెలుగు అవసరమో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇది భాషాపరమైన విమర్శ. చికిత్సా సూచనలకు ప్రత్యామ్నాయం కాదు.

కీలకపదాలు: ట్రాకియాస్టమీ, ఆన్‌లైన్ బోధన, వైద్య పరిభాష, అసమాపక క్రియలు, రాయలసీమ మాండలికం, ధర్మవరం.

1. ఉపోద్ఘాతం

మెడ ముందుభాగంలో శ్వాసనాళానికి రంధ్రం చేసి, అందులో గొట్టం అమర్చి, ఊపిరికి దారి కల్పించే శస్త్రచికిత్స ట్రాకియాస్టమీ. రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలినవారికి, పక్షవాతం వచ్చినవారికి, చాలా రోజులు వెంటిలేటర్ మీద ఉన్నవారికి, స్వరపేటిక క్యాన్సర్ వల్ల గాలిదారి మూసుకుపోతున్నవారికి దీని అవసరం కలుగుతుంది. వీరిలో కొందరు గొట్టంతోనే ఇంటికి వస్తారు. ఆసుపత్రిలో నర్సులు వంతులవారీగా చేసిన పని ఇంట్లో భార్య, తల్లి, కోడలు, కొడుకు చేయవలసి వస్తుంది. తెమడ పీల్చి తీయడం, లోపలి గొట్టం కడగడం, మెడపట్టీ మార్చడం, గాలిలో తేమ ఉండేలా చూడడం, గొట్టం మూసుకుపోయినా ఊడిపోయినా తక్షణం స్పందించడం ఆ పనిలోని భాగాలు. గొట్టం పూర్తిగా మూసుకుపోతే నిమిషాలలో ప్రాణం పోవచ్చు. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 అంబులెన్స్ ఎంత త్వరగా వచ్చినా, అది వచ్చేలోపు జరగవలసినది ఇంట్లోవారే చేయాలి.

ఈ విద్యను ఆన్‌లైన్‌లో అందించే ప్రయత్నాలు ప్రపంచంలో గట్టిగా సాగాయి. బ్రిటన్‌లోని నేషనల్ ట్రాకియాస్టమీ సేఫ్టీ ప్రాజెక్టు 2012లో అత్యవసర మార్గదర్శకాలను ప్రచురించింది; వీడియోలు, దశలవారీ పాఠాలు రూపొందించింది. అదే సంవత్సరం గ్లోబల్ ట్రాకియాస్టమీ కొలాబరేటివ్ ఏర్పడి వైద్యులను, నర్సులను, వాక్చికిత్సకులను, రోగుల కుటుంబాలను ఒకే వేదిక మీదికి తెచ్చింది. జట్టులోని ప్రతి ఒక్కరికీ, కుటుంబానికి కూడా, ఒకే పద్ధతి తెలిసి ఉండాలన్నది ఈ కృషి వెనుక ఉన్న భావన. భావన సర్వత్రా చెల్లుతుంది. దాన్ని మోసే భాష మాత్రం ప్రతి ఊరిలోనూ కొత్తగా తయారుకావాలి.

2. ధర్మవరం: పాఠం చేరవలసిన ఇల్లు

ధర్మవరం 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. పట్టుచీరలకు పేరుపొందిన ఊరు. ఇక్కడి చేనేత పట్టుచీరలకు, పావడాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. రైల్వే జంక్షన్ కూడా. పెద్ద వైద్యం అవసరమైనప్పుడు ఇక్కడివారికి దారులు అనేకం: బత్తలపల్లిలోని గ్రామీణాభివృద్ధి సంస్థ ఆసుపత్రి, అనంతపురం ప్రభుత్వాసుపత్రి, పుట్టపర్తిలో 1991లో ప్రారంభమైన ఉన్నత వైద్య సంస్థ, రైలెక్కితే బెంగళూరులోని నిమ్హాన్స్ వంటి సంస్థలు. అంటే ఒకే రోగి కుటుంబం ఒక చోట తెలుగులో, మరొక చోట కన్నడం, హిందీ, ఆంగ్లం కలిసిన మాటలలో జాగ్రత్తలు విని ఇల్లు చేరవచ్చు. హిందూపురం, పెనుకొండ వైపు ఇళ్ళలో కన్నడం, ఉర్దూ కూడా వినిపిస్తాయి. ఇంటికి చేరాక సందేహం వస్తే చేతిలో మిగిలేది సెల్‌ఫోన్.

నేతగాని ఇంట్లో మగ్గం ఇంటిలో భాగం. ఆంగ్ల పాఠాలు ప్రత్యేకమైన పడకగదిని, ఎప్పుడూ పోని కరెంటును ఊహించుకొని మాట్లాడతాయి. మగ్గం ఉన్న గదిలోనే మంచం వేయవలసిన ఇంట్లో పోగుల నూగు, ధూళి గొట్టం నోటిలోకి పోకుండా చూడడం మొదటి జాగ్రత్త అవుతుంది. ముక్కు చేసే వడపోత, తేమ కల్పన గొట్టం ఉన్నవారికి ఉండవు. అందుకే గొట్టం నోటికి తేమ నిలిపే ఫిల్టరో, ఆసుపత్రిలో చెప్పిన విధంగా కప్పే తడిబట్టో అవసరమవుతుంది. అంచులు కత్తిరించిన గాజుగుడ్డ వాడవద్దని, దాని పోగులు ఊడి లోపలికి పోతాయని పాఠాలు హెచ్చరిస్తాయి. పోగు ఎలా ఊడుతుందో నేతగత్తెకు వేరే చెప్పనక్కర లేదు. ‘వస్త్రతంతువుల ప్రవేశాన్ని నివారించవలెను’ అన్న వాక్యంలో మాత్రం ఆమెకు తెలిసిన పోగు కనిపించదు. కరెంటు పోతే పనికివచ్చే, కాలితో తొక్కే సక్షన్ పంపు కూడా ఉంది. ఇటువంటి ఇంటికి తయారయ్యే పాఠంలో దాని ప్రస్తావన ముందుగా రావాలి.

3. తెలుగు వైద్యరచన: రెండు మార్గాలు

సామాన్యునికి వైద్యవిషయం తెలుగులో చెప్పాలన్న ఆలోచన కొత్తది కాదు. కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు 1906లో స్థాపించిన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి శాస్త్రవిషయాలను తెలుగు పాఠకునికి అందించడానికి పూనుకుంది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఉన్నతవిద్య పాఠ్యపుస్తకాల కోసం పారిభాషిక పదకోశాలను నిర్మించింది. ఈ మార్గంలో గమ్యం విద్యార్థి. అతనికి పేరు కావాలి, నిర్వచనం కావాలి, పరీక్షలో రాయాలి.

రెండవ మార్గంలో గమ్యం ఇల్లు. డేవిడ్ వెర్నర్ రచనకు తెలుగు రూపంగా హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వెలువరించిన ‘వైద్యుడు లేనిచోట’, స్త్రీశక్తి సంఘటన రూపొందించిన ‘సవాలక్ష సందేహాలు’ ఈ కోవలోనివి. ఇక్కడ పాఠకుడు పరీక్ష రాయడు. ఏదో ఒకటి చేయవలసిన స్థితిలో పుస్తకం తెరుస్తాడు. ట్రాకియాస్టమీ సంరక్షణ పాఠం రెండవ కోవకు చెందుతుంది. దానికి మొదటి మార్గపు భాష తొడిగితే పాఠం సరిగ్గానే ఉన్నా పని జరగదు. ఆన్‌లైన్ పాఠాలను అంచనా కట్టేటప్పుడు ఈ భేదాన్ని కొలమానంగా తీసుకోవాలి.

4. నామవాచకాలు: ఏది ఉంచాలి, ఏది మార్చాలి

4.1 ‘గొంతు’ అనే మాట

తెలుగులో ‘గొంతు’ అనే ఒక్క మాట అన్నం దిగే దారినీ, ఊపిరి తిరిగే దారినీ, కంఠస్వరాన్నీ చెబుతుంది. ‘గొంతులో ముద్ద అడ్డుపడింది’, ‘గొంతు పట్టేసింది’, ‘మంచి గొంతు’ అనే ప్రయోగాలు అందుకు నిదర్శనం. అందువల్ల ‘గొంతుకు రంధ్రం చేశారు’ అన్న వాక్యం విన్నవారికి మూడు అర్థాలు ఒక్కసారే తోస్తాయి. తిన్న అన్నం ఆ రంధ్రంలోంచి వస్తుందా, మాట శాశ్వతంగా పోయిందా అన్న సందేహాలకు అజ్ఞానం మాత్రమే కారణం కాదు. ఆ పదం పరిధి కూడా కారణం. అంతకన్నా తీవ్రమైనది ‘గొంతు కోయడం’ అన్న జాతీయం. దానికి చంపడం, నమ్మించి ద్రోహం చేయడం అని అర్థం. శస్త్రచికిత్సకు సంతకం అడిగే వేళ ‘గొంతు దగ్గర కోసి పైపు పెట్టాలి’ అంటే ఆ జాతీయపు నీడ వాక్యం మీద పడుతుంది. ఒప్పుకోవడానికి కుటుంబం తడబడితే, ఆ తడబాటులో చెప్పిన మాటకూ పాలు ఉండవచ్చు.

‘శ్వాసనాళం’ పాఠ్యపుస్తకంలో స్థిరపడిన మాట. నర్సుకు, ఆశా కార్యకర్తకు తెలుసు. ఇంటికి ‘ఊపిరి గొట్టం’ సులభంగా అందుతుంది. ‘ఊపిరితిత్తి’ అన్న సమాసం జనం నోట ఉండనే ఉంది. దాని పక్కన ఊపిరి గొట్టం సహజంగా ఇముడుతుంది. ‘అన్నం దిగే గొట్టం వెనుక, ఊపిరి గొట్టం ముందు, రంధ్రం ముందుదానికే’ అన్న వాక్యం, దానితోపాటు ఒక బొమ్మ, పాఠానికి తగిన ఆరంభం.

4.2 కఫ్, కఫం

కొన్ని ఆంగ్లపదాలను అలాగే ఉంచాలి. ట్యూబ్, సక్షన్, క్యాథెటర్ అనే మాటలతోనే మందుల దుకాణంలో వస్తువు దొరుకుతుంది. ఆ మాటలతోనే ఆసుపత్రికి ఫోన్ చేసి అడగాలి. ‘చూషణ నాళిక’ అని నేర్పితే దుకాణదారుకు అర్థం కాదు. అయితే ఆంగ్లపదాన్ని ఉంచడమే ప్రమాదమయ్యే చోటు ఒకటి ఉంది. గొట్టం చుట్టూ గాలితో ఉబ్బే బుడగను ‘కఫ్’ అంటారు. తెలుగు చెవికి అది ‘కఫం’ పక్కనే వినిపిస్తుంది. ‘కఫ్ తీయండి’, ‘కఫం తీయండి’ అన్న వాక్యాలు ఫోన్‌లో వింటే తేడా దాదాపు తెలియదు. మొదటిది బుడగలోని గాలి తీయడం, రెండవది తెమడ పీల్చడం. మాట్లాడేందుకు గొట్టం నోటికి ఒకవైపే తెరుచుకునే మూతను బిగిస్తే గాలి లోపలికి పోతుంది, గొట్టంలోంచి బయటికి రాదు. బుడగ ఉబ్బి ఉంటే పక్కనుంచీ రాదు. అప్పుడు రోగి ఊపిరి వదలలేడు. అంతటి భేదాన్ని ఒక సున్నకు అప్పగించకూడదు. ఇక్కడ ‘కఫ్’ను విడిచి ‘బెలూన్’ అనడం, ‘కఫం’ బదులు ‘తెమడ’ లేదా ‘గళ్ళ’ అనడం మేలు. ‘గాలి తీయండి’ అని కూడా విడిగా చెప్పరాదు. ‘బెలూన్‌లోని గాలి’ అనాలి. ఊపిరికే కష్టపడుతున్న మనిషి దగ్గర ‘గాలి తీయడం’ అన్న మాట చేయిని వెనక్కి లాగుతుంది.

4.3 ఆవిరి, సెలైన్, పచ్చ

నెబులైజర్‌ను ‘ఆవిరి యంత్రం’ అని అనువదించడం సులభం. కాని ‘ఆవిరి పట్టడం’ అనగానే తెలుగింట్లో మరిగే నీళ్ళగిన్నె, తలమీద దుప్పటి గుర్తుకొస్తాయి. మెడ రంధ్రం దగ్గర ఆ పని చేస్తే లోపలి పొర కాలుతుంది. ‘సెలైన్’ అంటే పల్లెలో నరానికి ఎక్కించే సీసా. నెబులైజర్‌లో పోసే కొద్దిపాటి ఉప్పునీటి మందును అదే పేరుతో చెబితే వివరణ తప్పనిసరి. బ్రిటన్ పద్ధతిలో మంచం తలవైపు పెట్టే ఆకుపచ్చ పలక, రోగికి నోరు, ముక్కు గుండా కూడా గాలిదారి ఉండే అవకాశాన్ని సూచిస్తుంది. ఎర్ర పలక స్వరపేటిక తొలగించినవారికి ఆ దారి లేదని, మెడ రంధ్రమే ఏకైక మార్గమని తెలుపుతుంది. రంగు అక్షరాస్యత అడగదు కనుక ఇది మెచ్చదగిన పద్ధతి. అయితే తెలుగులో ‘పచ్చ’ ఆకుపచ్చకూ పసుపుపచ్చకూ చెల్లుతుంది. తెమడ రంగు గురించి ‘పచ్చగా మారితే చెప్పండి’ అన్నప్పుడు ఆ సందిగ్ధత హాని చేయదు. రెండు రంగులూ చెప్పవలసినవే. పలక విషయంలో మాత్రం ‘ఆకుపచ్చ’ అని పూర్తిగా పలకాలి.

4.4 పొలమారడం

తెలుగుకు పైచేయి ఉన్న చోటు కూడా ఉంది. ఆహారం, లాలాజలం ఊపిరి దారిలోకి పోవడాన్ని ఆంగ్లంలో ‘ఆస్పిరేషన్’ అంటారు. నిఘంటువులో ఆ మాటకు సులభంగా దొరికే అర్థం ‘ఆకాంక్ష’. తెలుగులో ‘పొలమారడం’ అన్న ఒక్క క్రియ ఈ అనుభవాన్ని పూర్తిగా చెబుతుంది, చిన్నపిల్లలకూ తెలుసు. ఆ మాటతోపాటు ఒక నమ్మకం కూడా వస్తుంది: పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని అంటారు, నెత్తిమీద తడతారు, నవ్వుకుంటారు. గొట్టం ఉన్న మనిషికి పొలమారడం నవ్వుకునే సంగతి కాదు. తరచూ జరిగితే ఊపిరితిత్తులకు చీము పట్టవచ్చు. పైగా అతనికి దగ్గు శబ్దం లేకుండానే పొలమారవచ్చు. పీల్చిన తెమడలో అన్నం మెతుకో, తాగిన పాల రంగో కనిపించడమే గుర్తు కావచ్చు. కాబట్టి పాఠం ఆ మాటను తీసుకోవాలి, దానితో వచ్చే నిశ్చింతను విడదీయాలి. ‘ఇక్కడ పొలమారితే ఎవరూ తలుచుకోవడం లేదు, డాక్టరుకు చెప్పవలసిన విషయం’ అన్న చిన్న వాక్యం ఆ పని చేస్తుంది.

5. క్రియ: పాఠానికి ప్రాణం

ఆంగ్ల సూచనల కర్మణి ప్రయోగాన్ని మక్కికి మక్కి తెలుగు చేస్తే ‘లోపలి గొట్టము శుభ్రపరచబడవలెను’ వంటి వాక్యం వస్తుంది. కర్మణి వాక్యం వాడుక తెలుగుకు సహజం కాదన్న సంగతి పాఠశాల వ్యాకరణమే చెబుతుంది. ఇక్కడ అది శైలీదోషంతో ఆగదు. ‘శుభ్రపరచబడవలెను’ అన్నప్పుడు ఎవరు చేయాలో వాక్యంలో లేదు. ఆ వాక్యాన్ని చదివిన భార్య నర్సు వచ్చి చేస్తుందనుకోవచ్చు. నర్సు కుటుంబానికి చెప్పాననుకోవచ్చు. ‘లోపలి గొట్టం మీరే తీసి కడగాలి, బయటి గొట్టం మీరు మార్చవద్దు, నేర్పినవాళ్ళే మార్చాలి’ అన్నప్పుడు కర్త వస్తాడు, బాధ్యత స్పష్టమవుతుంది, రెండు గొట్టాల భేదమూ తెలుస్తుంది.

అంతకన్నా ముఖ్యమైనవి అసమాపక క్రియలు. పదవ తరగతి విద్యార్థి మార్కుల కోసం నేర్చుకునే క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం, అప్యర్థకం ఈ పాఠానికి వెన్నెముక.

క్త్వార్థకం పనుల వరుసను చెబుతుంది: ‘చేతులు కడిగి, యంత్రం వేసి చూసి, క్యాథెటర్ తీసి...’ ఆంగ్లంలో సంఖ్యలు వేసి విడివిడి వాక్యాలుగా చెప్పేదాన్ని తెలుగు ఒక్క గొలుసుగా చెప్పగలదు. ముందు జరిగినది ముందు వస్తుంది. వినేవారి మనసులో వరుస చెదరదు. అయితే గొలుసు పొడవైతే జ్ఞాపకం తెగుతుంది. మూడు, నాలుగు క్రియలకొకసారి సమాపక క్రియతో వాక్యం ముగించడం మంచిది.

శత్రర్థకం ఏకకాలంలో జరిగే పనులను చెబుతుంది. సక్షన్‌లో కీలకం ఇదే. క్యాథెటర్‌ను లోపలికి పంపేటప్పుడు పీల్పు ఉండకూడదు. బయటికి తీస్తూ పీల్చాలి. ‘లోపలికి పెట్టి, పీల్చి, తీయండి’ అని మూడింటినీ క్త్వార్థకంలో చెబితే, లోపలే ఉంచి పీల్చిన తరువాత తీయమన్న అర్థం వస్తుంది. అలా చేస్తే లోపలి పొర దెబ్బతింటుంది, ఊపిరి అందే గాలి తగ్గుతుంది. ‘తీసి పీల్చడం’, ‘తీస్తూ పీల్చడం’ మధ్య తేడా ఒక ప్రత్యయం మాత్రమే. చేతిలో జరిగే పని మాత్రం వేరు. అనువాదకుడు పారిభాషిక పదానికి పెట్టే శ్రమలో కొంత ఈ ప్రత్యయానికి పెట్టాలి.

చేదర్థకం షరతును చెబుతుంది: ‘గురగురమంటే పీల్చండి’, ‘పెదవులు నీలంగా మారితే ఆగవద్దు, 108కి ఫోన్ చేయండి’. గంటగంటకూ అలవాటుగా పీల్చడం కాదు, అవసరాన్ని గుర్తించి పీల్చడం నేటి పద్ధతి. కనుక పాఠంలో ‘-తే’ వాక్యాలు ఎక్కువగా ఉండాలి. అప్యర్థకం మొండి పరిస్థితిని చెబుతుంది: ‘పీల్చినా ఆయాసం తగ్గకపోతే లోపలి గొట్టం తీయండి, తీసినా తగ్గకపోతే...’ ఆంగ్ల పాఠాలలో బాణం గుర్తులతో గీసే అత్యవసర పటం తెలుగులో ‘-తే’, ‘-నా’ ప్రత్యయాల మీద నిలుస్తుంది. బాణం చదవడం అలవాటు లేనివారికి ఈ వాక్యాలే పటం.

కొలతల విషయంలోనూ తెలుగుకు సాధనం ఉంది. మెడపట్టీ ‘తగిన బిగుతుతో’ కట్టమంటే ఏమీ తెలియదు. ‘పట్టీకీ మెడకూ మధ్య ఒక వేలు దూరేంత’ అంటే చేతికి తెలుస్తుంది. పెద్దలలో ఒక విడత పీల్పు 10 నుంచి 15 సెకన్లు మించకూడదు, పిల్లలలో ఇంకా తక్కువ. గడియారం చూసే తీరిక లేనివారికి నర్సులు చెప్పే కిటుకు ఉంది: పీల్చడం మొదలుపెట్టగానే మీరూ ఊపిరి బిగపట్టండి, మీకు ఊపిరి కావాలనిపించేలోపే అతనికి వదలండి. ఇది కొలతతోపాటు అవతలి మనిషి స్థితిని కూడా నేర్పుతుంది.

మాండలికం ప్రశ్న ఇక్కడే వస్తుంది. గ్రాంథికంలో ‘తీయవలెను’, శిష్టవ్యవహారంలో ‘తీయాలి’, అనంతపురం ప్రాంతపు ఇళ్ళలో ‘తీయల్ల’. పాఠం మొత్తాన్ని మాండలికంలో రాయనక్కర లేదు. ‘తీయాలి’ అందరికీ తెలుస్తుంది. కాని పాఠం చదివే గొంతు ఈ ప్రాంతానిదైతే వినేవారికి భయం తగ్గుతుంది. నేర్చుకున్నది తిరిగి చెప్పేటప్పుడు ‘తీస్తా పీల్చల్ల’ అన్నదాన్ని సరైన సమాధానంగా అంగీకరించడం మాత్రం తప్పనిసరి. ఆ రూపంలోనూ శత్రర్థకం చెక్కుచెదరలేదు.

6. ‘సంరక్షకుడు’ ఎవరు?

‘కేర్‌గివర్’ అన్న మాటకు ‘సంరక్షకుడు’ అన్నది వాడుకలో ఉన్న అనువాదం. బడి దరఖాస్తు నుంచి కోర్టు కాగితం వరకు సంరక్షకుడు అంటే చట్టరీత్యా బాధ్యుడు. ఆ పదం మహద్వాచకం; పురుషుని సూచిస్తుంది. మంచం పక్కన రాత్రంతా కూర్చునేది చాలా ఇళ్ళలో స్త్రీ. సంతకం చేసిన కొడుకు ‘సంరక్షకుడు’గా పాఠం చూసి, పని చేసే కోడలికి పాఠం చేరకపోతే బోధన గురి తప్పినట్టే. తెలుగు వాడుకలో ఈ పనికి నామవాచకం కన్నా క్రియ ప్రసిద్ధం: ‘దగ్గరుండి చూసుకోవడం’. ‘దగ్గరుండి చూసుకునేవాళ్ళు’ అంటే లింగభేదం ఉండదు, బహువచనం వస్తుంది. ఒక్కరి మీద భారం పడకుండా కనీసం ఇద్దరు నేర్చుకోవాలన్న సూచన కూడా ఆ బహువచనంలో ఉంది.

సంబోధన కూడా అర్థంలో భాగమే. ‘అమ్మా, ముందు చేతులు కడుక్కోండి’ అన్న నర్సు మాటకు ‘సంరక్షకులు హస్తప్రక్షాళన చేయవలెను’ సాటిరాదు. మొదటిది ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడుతుంది. రెండవది గోడమీది ప్రకటన.

7. మాట వినిపించని మనిషి

గొట్టం ఉన్నప్పుడు ఊపిరి స్వరపేటికను తాకకుండా పోతుంది. అందుకే చాలామందికి మాట వినిపించదు. ఈ సంగతిని కుటుంబానికి చెప్పే వాక్యంలో తెలుగు వ్యతిరేక క్రియ ఇబ్బంది పెడుతుంది. ‘మాట రాదు’ అన్న రూపం ఇప్పటికీ ఎప్పటికీ చెల్లుతుంది. ‘మాట పడిపోయింది’ అంటే పక్షవాతం. ‘ఈ గొట్టం ఇలా ఉన్నంతకాలం మాట బయటికి వినిపించదు’ అన్నప్పుడే కాలపరిమితి తెలుస్తుంది. స్వరపేటిక తొలగించినవారికి ఆ వాక్యం వర్తించదు. వారికి చెప్పేది వేరు. రెండింటినీ ఒకే వాక్యంలో కలపడం ఒక కుటుంబానికి లేని ఆశను, మరొక కుటుంబానికి లేని నిరాశను ఇస్తుంది.

మాట వినిపించనివారి కోసం ఆంగ్ల పాఠాలు అక్షరాల పలకను సూచిస్తాయి. 26 అక్షరాల పలక ఒక చూపులో ఇముడుతుంది. తెలుగులో అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు ఉంటాయి. ‘నొప్పి’ అన్న చిన్న మాటకు కూడా రెండు గుణింతపు గుర్తులు, ఒక ద్విత్వం కావాలి. నీరసంగా ఉన్న మనిషి వేలితో అన్ని చోట్లా చూపలేడు. కాబట్టి ఆంగ్ల పలకకు అనువాదం చేయరాదు. తెలుగు పలక వేరుగా తయారుకావాలి. పై వరుసలో తరచూ అవసరమయ్యే మాటలు, బొమ్మలు – నొప్పి, దాహం, ఆయాసం, పీల్చండి, పక్కకు తిప్పండి, భయంగా ఉంది. కింద హల్లులు మాత్రమే. మొదటి హల్లు చూపితే ఇంట్లోవారు మాటను ఊహించి అడుగుతారు. ఔను, కాదు అన్నవి కనురెప్పతో తెలుపుతారు. చదువురాని వృద్ధులకు పై వరుస బొమ్మలే ఆధారం. ‘పీల్చండి’ అన్న మాట రోగి చేతిలో ఉండడం ముఖ్యం. అప్పుడు అతను సంరక్షణకు గురయ్యే వస్తువుగా కాక, దాన్ని అడిగే మనిషిగా ఉంటాడు.

8. తెర నేర్పేది, నేర్పలేనిది

ఆన్‌లైన్ పాఠానికి ఉన్న బలాన్ని తక్కువ చేయరాదు. అర్ధరాత్రి సందేహం వస్తే మళ్ళీ చూడవచ్చు. విసుక్కోకుండా ఎన్నిసార్లయినా చెబుతుంది. ఆసుపత్రి నర్సుకు, గ్రామ ఆరోగ్య కేంద్రంలోని సిబ్బందికి, ఇంట్లోవారికి ఒకే పద్ధతి చూపుతుంది. 2019లో మొదలైన ఈ-సంజీవని టెలివైద్య సేవ ద్వారా దూరపు వైద్యునితో మాట్లాడే వీలూ ఏర్పడింది.

అయితే ధర్మవరంలో నేత ఎలా నేర్చుకుంటారో తెలిసినవారికి తెర పరిమితి కూడా తెలుస్తుంది. పిల్లలు మొదట కండెలు చుడతారు, పక్కన కూర్చొని నాడె కదలికను చూస్తారు; పడుగులో పోగు తెగితే ఎలా అతకాలో చెయ్యిపట్టి చూపేవారుంటారు. ‘చెయ్యి తిరగడం’ అన్న జాతీయం ఆ అభ్యాసాన్ని చెబుతుంది. చూడడం వేరు, చెయ్యి తిరగడం వేరు. క్యాథెటర్ ఎక్కడ ఆగాలో వేలికి తెలియాలంటే ఇంటికి పంపకముందే నర్సు ఎదుట ఒకసారి కాక పలుమార్లు చేసి చూపాలి. వీడియో ఆ అభ్యాసాన్ని గుర్తుచేయగలదు; దాని స్థానాన్ని తీసుకోలేదు.

రెండవ పరిమితి మర్యాదకు సంబంధించినది. ‘అర్థమైందా?’ అని వైద్యుడు అడిగితే ‘అర్థమైంది సార్’ అనడం ఇక్కడి మర్యాద. ఆ జవాబు అవగాహనకు సాక్ష్యం కాదు, గౌరవానికి సాక్ష్యం. ఆన్‌లైన్ పాఠం చివర నొక్కే ‘పూర్తయింది’ బొత్తానికీ అంతే విలువ. ‘రాత్రి కరెంటు పోయి యంత్రం ఆగితే ఏం చేస్తారమ్మా, చెప్పండి’ అని అడిగి, ఆమె మాటలలో ఆమె చెప్పినది వినడమే పరీక్ష. నేర్చుకున్నవారు తమ మాటలలో చెప్పి ఫోన్‌లో నమోదు చేసి పంపే వీలు కల్పిస్తే, ఆ నమోదులు నర్సుకు సరిచూసుకునే సాధనమవుతాయి. పాఠం రాసేవారికి ఇంటి తెలుగు పదసంపద కూడా అవుతాయి. అయితే రోగి ముఖం, వివరాలు బయటికి పోకుండా చూడడం మొదటి షరతు.

9. ముగింపు

ఈ పరిశీలన నుంచి కొన్ని నిర్ణయాలు వస్తాయి. వస్తువుల పేర్లను దుకాణంలో, ఆసుపత్రిలో చెల్లేటట్టు ఆంగ్లంలోనే ఉంచవచ్చు. ‘కఫ్’ వంటి చోట, తెలుగుమాటతో కలగాపులగమయ్యే చోట, మార్చాలి. శరీరభాగాలకు, లక్షణాలకు ఇంటిమాట కావాలి. ఆ మాట వెంట వచ్చే జాతీయాన్ని, నమ్మకాన్ని పాఠం గుర్తించి మాట్లాడాలి. క్రియ మాత్రం పూర్తిగా తెలుగులో ఉండాలి: కర్త కనబడేలా, వరుస, ఏకకాలత, షరతు తప్పకుండా. ఈ పని ఒక్క వైద్యుడు చేయలేడు. ఒక్క భాషావేత్త చేయలేడు. వైద్యుడు ‘తీస్తూ’ ఎందుకో చెప్పాలి. తెలుగు చదివినవారు ‘తీసి’ అని రాయకుండా చూడాలి. పాఠం విడుదలకు ముందు, నెలల తరబడి ఈ పని చేసిన ఇంట్లోని మనిషి దాన్ని విని ఎక్కడ ఆగిపోయిందో చెప్పాలి.

తెలుగు శాఖలలో అసమాపక క్రియల మీద పరిశోధనలు జరుగుతూనే ఉన్నాయి. వాటి ఉదాహరణలు కావ్యాల నుంచి, కథల నుంచి వస్తున్నాయి. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితం, ఫోన్‌లో తిరిగే ఆరోగ్యపాఠం కూడా పరిశీలించదగిన తెలుగు పాఠాలే. వాటిలోని ఒక ప్రత్యయదోషాన్ని సరిదిద్దడం వ్యాకరణం చేయగలిగిన సేవలలో చిన్నదేమీ కాదు.